జేబులో ఒకటి, దిండు కింద ఒకటి



ఈ వారం 1878 ఆయుధాల చట్టం గురించి రాస్తానన్నాను. రాయడానికి కూర్చున్న రోజే మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. డల్లాస్ పక్కన ఉంటాడు, సాఫ్ట్‌వేర్. ఇద్దరు పిల్లలు, పెద్దదానికి ఆరేళ్ళు.

"మావయ్యా, తుపాకీ కొందామనుకుంటున్నా. నువ్వేమంటావ్?"

ఏమంటాను? నేను జన్మలో పేల్చింది కాలేజీ ఎన్‌సీసీలో ఇచ్చిన పాయింట్ టూ టూ రైఫిల్ ఒక్కటే. అదీ లెక్కపెట్టి ఐదు తూటాలు. ఒక్కటీ అట్టకి తగల్లేదు.

వాడి భయం వాడిది. ఒక రాత్రి రెండింటప్పుడు ఎవడో వాళ్ళ అపార్ట్‌మెంట్ తలుపు పిడి పట్టుకుని తిప్పాడట. కాసేపు తిప్పి వెళ్ళిపోయాడు. తాగి తలుపు పొరబడ్డాడో, దొంగో తెలీదు. మా కోడలు ఆ రాత్రంతా పిల్లల మంచం పక్కనే కూర్చుంది. దానికితోడు 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఓలేతాలో మన తెలుగు ఇంజినీరుని బార్లో కాల్చి చంపిన సంగతి అక్కడ మనవాళ్ళెవరూ మర్చిపోలేదు. "మీ దేశం పొండి" అని అరిచి మరీ కాల్చాడు. హెచ్‌-1బీ వీసా మీద ఉన్నవాళ్ళకి అక్కడ తుపాకీ పెట్టుకోవడం మామూలుగా నేరమే. వేట లైసెన్సు లాంటి ఒకటి రెండు మినహాయింపులు తప్ప కుదరదు. మావాడికి గ్రీన్ కార్డు వచ్చింది కాబట్టి ఇప్పుడు కొనొచ్చు. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు నుంచి పిస్టల్ దాచుకుని తిరగడానికి లైసెన్సు కూడా అక్కర్లేదు.

వాడడిగిన ప్రశ్న ఇది: ఒక్కటే కొంటాను, ఇంట్లోకీ పనికిరావాలి, బయటకీ పనికిరావాలి, ఏది కొనాలి?

తెలీని విషయం కదా అని రెండు రోజులు కూర్చుని చదివాను. ఇందులో ఒక తిరకాసు ఉంది. బట్టల కింద దాచుకోవాలంటే చిన్నదీ పలచనిదీ కావాలి. కానీ పిస్టల్ చిన్నదయ్యేకొద్దీ చేతిని గట్టిగా తంతుంది, గురి కుదరదు, తూటాలు తక్కువ పడతాయి. ఐదు తూటాల చిన్న రివాల్వర్ జేబులో ఇమిడిపోతుంది గానీ, చీకట్లో వణికే చేత్తో దాన్ని సరిగ్గా కాల్చడం అలవాటున్నవాళ్ళకే కష్టం. ఇంటికైతే పెద్దదే మేలు. బరువుంటే తన్నదు, గొట్టం పొడుగుంటే గురి కుదురుతుంది, కింద టార్చిలైటు బిగించుకోవచ్చు. కానీ దాన్ని నడుముకి పెట్టుకుంటే చొక్కా కింద బుడిపెలా కనబడుతుంది. అందుకే చాలామంది మధ్యస్థంగా ఉన్నది కొంటారు. గ్లాక్ 19 అని ఒకటి, నాలుగంగుళాల గొట్టం, 15 తూటాలు. 2018 నుంచి సిగ్ పి365 లాంటివి వచ్చాయి, అరచేతిలో పట్టేంత దాంట్లోనే 10 తూటాలు.

ఇంకో రెండు సంగతులు కొట్టువాడు చెప్పకపోవచ్చని వాడికి నేనే చెప్పాను. ఆ అపార్ట్‌మెంట్ల లోపలి గోడలు మన ఇటుక గోడలు కావు, జిప్సం అట్టలు. నువ్వు దొంగని చూసి కాల్చిన తూటా గోడ దాటి పిల్లల గదిలోకి, దాన్నీ దాటి పక్కింట్లోకి పోతుంది. రెండోది, దిండు కింద పెట్టుకుంటే ఆరేళ్ళ పిల్ల చేతికి అందుతుంది, పెట్టెలో పెట్టి తాళం వేస్తే అర్ధరాత్రి నీ చేతికే అందదు. వేలిగుర్తుతో తెరుచుకునే పెట్టెలున్నాయంటాడు వాడు. ఉండొచ్చు.

అంతవరకూ వాడి అవసరం. చదువుతుంటే నన్ను పట్టుకున్నది వేరే. ఏ తుపాకీ దాచుకోవచ్చు, ఏది ఇంట్లో ఉంచుకోవచ్చు అన్న ఈ బేరం ఆ దేశంలో నూటయాభై ఏళ్ళకి పైగా నడుస్తోంది. దాన్ని నడిపించింది కొట్టువాళ్ళొక్కరే కాదు, చట్టసభలు కూడా.

1857లో డ్రెడ్ స్కాట్ తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ, నల్లవాళ్ళు పౌరులు కాలేరని చెప్పడానికి ఒక కారణం చూపించాడు. పౌరులని ఒప్పుకుంటే వాళ్ళు సభలు పెట్టుకుంటారు, ఎక్కడికెళ్ళినా ఆయుధాలు పట్టుకెళ్తారు, అదెలా కుదురుతుందని. పౌరసత్వం అనగానే ఆయనకి తట్టిన భయాల్లో తుపాకీ ఒకటి. బానిసత్వం పోయిన ఏడాదే, 1865లో, మిసిసిపీ నల్ల చట్టాలు తెచ్చింది. కౌంటీ బోర్డు లైసెన్సు లేకుండా విముక్తుడైన నల్లవాడు తుపాకీ గానీ తూటా గానీ పెద్ద కత్తి గానీ ఉంచుకోకూడదు. అది బాహాటంగా జాతి పేరు పెట్టి రాసిన చట్టం. 14వ సవరణ వచ్చాక అలా పేరు పెట్టి రాయడం కుదరలేదు. అప్పుడు తెలివి మీరింది.

1879లో టెనెసీ ఒక చట్టం చేసింది. బెల్టు పిస్టళ్ళు, జేబు పిస్టళ్ళు, రివాల్వర్లు అమ్మకూడదు. సైన్యమూ నౌకాదళమూ వాడే పెద్ద పిస్టళ్ళకి మాత్రం మినహాయింపు. 1881లో ఆర్కన్సా అదే దారి పట్టింది. చదివితే ఎక్కడా నల్లవాడి పేరుండదు. కానీ ఆ పెద్ద సైనిక పిస్టళ్ళు ఎవరిళ్ళలో ఉన్నాయి? అంతర్యుద్ధం నుంచి తిరిగొచ్చిన తెల్లవాళ్ళ ఇళ్ళలో. కౌలుకి పత్తి వేసుకునే నల్లవాడు కొనగలిగింది చవకరకం జేబు పిస్టలు. ఆపింది దాన్నే. తుపాకీ నిషిద్ధం కాదు, నువ్వు కొనగలిగే తుపాకీ నిషిద్ధం. మన ఊళ్ళో చెరువు అందరిదీ, మెట్లు మాత్రం వాళ్ళవి అన్నట్టు.

ఆ టెనెసీలోనే మెంఫిస్. 1892 మార్చి 9న థామస్ మాస్‌నీ అతని ఇద్దరు స్నేహితుల్నీ జైల్లోంచి లాక్కెళ్ళి చంపారు. వాళ్ళు చేసిన నేరం నల్లవాళ్ళ పేటలో కిరాణా కొట్టు పెట్టి తెల్ల షావుకారు వ్యాపారాన్ని దెబ్బకొట్టడం, దాని మీదకి మనుషులొస్తే తిరగబడడం. మాస్ స్నేహితురాలు ఐడా బి. వెల్స్ పత్రిక నడిపేది. మాస్ చచ్చిపోయాక ఆమె చేసిన మొదటి పనుల్లో ఒకటి పిస్టల్ కొనుక్కోవడం. తర్వాత ఆమె పత్రికాఫీసుని ధ్వంసం చేశారు. ఆమె అప్పుడు ఊళ్ళో లేదు కాబట్టి బతికింది. ఆ ఏడాదే అచ్చేసిన చిన్న పుస్తకంలో ప్రతి నల్ల ఇంట్లోనూ వించెస్టర్ రైఫిల్‌కి గౌరవ స్థానం ఉండాలని రాసింది. బయటికి పిస్టలు, ఇంటికి రైఫిలు. మావాడి ప్రశ్నకి 1892 నాటి జవాబది. ఊరికే ఆవేశంతో రాయలేదు. ఫ్లోరిడాలో జాక్సన్‌విల్, కెంటకీలో పడూకా ఊళ్ళలో నల్లవాళ్ళు తుపాకులతో నిలబడ్డందుకే జనం చేతి హత్యలు ఆగాయని ఉదాహరణలు చూపించింది.

మరుసటి ఏడాదే, 1893లో, ఫ్లోరిడా ఏం చేసిందో చూడండి. వించెస్టర్ లాంటి రైఫిళ్ళకి లైసెన్సు కావాలంది. 1941లో ఆ చట్టం కింద ఒక కేసు ఫ్లోరిడా సుప్రీంకోర్టుకి వచ్చినప్పుడు రివర్స్ బఫర్డ్ అనే న్యాయమూర్తి ఉన్నమాట రాసేశాడు. టర్పెంటైన్ అడవుల్లోనూ కలప శిబిరాల్లోనూ పనికొచ్చిన నల్ల కూలీల చేతుల్లోంచి ఆయుధాలు లాక్కోవడానికే ఇది చేశారనీ, తెల్లవాళ్ళకి వర్తింపజేయాలని ఎవరూ అనుకోలేదనీ, వర్తింపజేయలేదనీ. నిజాయితీకి మెచ్చుకోవాలో ఏడవాలో తెలీదు. మన దగ్గర ఏ న్యాయమూర్తయినా ఇంత తిన్నగా రాశాడా?

ఇక్కడ ఒక తల్లి గురించి ఆగి చెప్పాలి.

మిసిసిపీ సన్‌ఫ్లవర్ కౌంటీలో లూ ఎల్లా టౌన్‌సెండ్ అనే పత్తి కూలి ఉండేది. 20 మంది పిల్లలు. ఆఖరి పిల్ల తర్వాత ఓటు హక్కు ఉద్యమంలో పేరు మోగిన ఫానీ లూ హేమర్. ఆ తల్లి పత్తి చేనుకెళ్ళేటప్పుడు బకెట్టు పట్టుకెళ్ళేది. దాని మీద గుడ్డ కప్పి ఉండేది. గుడ్డ కింద పిస్టలు ఉండేది. తన పిల్లల మీద ఆసామి గానీ మేస్త్రీ గానీ చెయ్యి వేస్తే అని. నడుముకి కట్టుకునే తోలు సంచుల గురించి మావాడు నాకు పది వీడియోలు పంపాడు. నాకు ఆ బకెట్టే కళ్ళముందు ఉంది. కూలి ఆడమనిషి చేతిలో బకెట్టుని ఎవడు అనుమానిస్తాడు? మా అమ్మ సద్దిగిన్నె మీద కప్పిన గుడ్డ గుర్తొచ్చింది నాకు. దాని కింద ఉన్నది గంజీ పచ్చిమిరపకాయే. హేమర్ పెద్దయ్యాక, ఓటు నమోదుకి వెళ్ళినందుకు ఆమె తలదాచుకున్న ఇంటి మీద కాల్పులు జరిగాక, తన పడకగదిలో మూలమూలా షాట్‌గన్ ఉంచుకున్నానని చెప్పింది. అహింసా ఉద్యమంలో పాటలు పాడి జనాన్ని నడిపించిన మనిషి ఆమె. ఆ రెండింటికీ మధ్య ఆమెకి వైరుధ్యం కనబడలేదు.

మన కారంచేడు గుర్తు చేసుకోండి. 1985 జూలైలో చెరువు దగ్గర ఒక మాదిగ ఆడమనిషి కొట్టడానికి వచ్చినవాళ్ళ మీదకి బిందె ఎత్తింది. బిందెలో నీళ్ళు తప్ప ఏమీ లేవు. మర్నాడు, జూలై 17న, ఆరుగుర్ని చంపారు.

ఇంటి సంగతికొద్దాం. డిట్రాయిట్‌లో 1925 సెప్టెంబరు 8న ఆసియన్ స్వీట్ అనే నల్ల డాక్టరు తెల్లవాళ్ళ పేటలో 18,500 డాలర్లకి కొన్న ఇంట్లో దిగాడు. ఆ వేసవంతా అలా దిగిన నల్ల కుటుంబాల్ని జనం వెళ్ళగొడుతూనే ఉన్నారు. స్వీట్ సామానుతో పాటు తుపాకులూ తెచ్చుకున్నాడు. పసిబిడ్డని అమ్మమ్మగారింట్లో వదిలి, తమ్ముళ్ళనీ స్నేహితుల్నీ తోడు తెచ్చుకున్నాడు. రెండో రాత్రి జనం మూగి రాళ్ళు రువ్వారు. పోలీసులు వీధిలోనే నిలబడి ఉన్నారు. ఇంట్లోంచి తూటాలు పేలాయి, బయట ఒకడు చచ్చిపోయాడు. డాక్టరు భార్య గ్లాడిస్‌తో సహా ఇంట్లో ఉన్న 11 మందినీ హత్య కేసులో పెట్టారు. వాళ్ళ తరఫున క్లారెన్స్ డారో వాదించాడు. జ్యూరీ మొత్తం తెల్ల మగవాళ్ళు. మొదటిసారి తేల్చలేకపోయారు. 1926 మేలో తమ్ముడు హెన్రీని నిర్దోషి అన్నారు, తర్వాత మిగతా కేసులూ ఎత్తేశారు. నల్లవాడి ఇల్లు కూడా ఇల్లేనని ఒక కోర్టులో తేలింది.

ఈ కథ ఇక్కడితో ఆపేవాళ్ళున్నారు. నేను ఆపను. గ్లాడిస్ జైలు నుంచి వచ్చాక క్షయతో పోయింది, బిడ్డా క్షయతోనే పోయింది. 1960లో స్వీట్ తనని తాను కాల్చుకుని చచ్చిపోయాడు. అమెరికాలో ఏటా తుపాకీతో చచ్చేవాళ్ళలో సగానికి పైగా తమని తాము కాల్చుకునేవాళ్ళే. తుపాకీ కొనేవాడు తలుపు అవతలివాడిని తలచుకుంటాడు. మావాడికి ఈ లెక్క చెబితే కాసేపు మాట్లాడలేదు. వాడికి రెండేళ్ళ కిందట ఉద్యోగం పోయినప్పటి రోజులు మా ఇద్దరికీ గుర్తున్నాయి.

దాచుకుని తిరిగే లైసెన్సు ఎవరికి ఇవ్వరో చెప్పే కథ మార్టిన్ లూథర్ కింగ్‌ది. 1956 జనవరి 30న మాంట్‌గోమరీలో ఆయన ఇంటి మీద బాంబు వేశారు. భార్య కొరెట్టా, పది వారాల పాప లోపల ఉన్నారు. తర్వాత ఆయన షెరీఫ్ ఆఫీసుకెళ్ళి పిస్టల్ దాచుకుని తిరగడానికి అనుమతి అడిగాడు. ఇవ్వలేదు. అప్పటి అలబామా చట్టం ప్రకారం లైసెన్సు తగినవాడికే ఇచ్చేవారు. తగినవాడెవడో షెరీఫ్ చెప్పేవాడు. ఆ రోజుల్లో కింగ్ ఇంట్లో కుర్చీలో కూర్చోబోయిన ఒక విలేకరిని పక్కనున్న బేయర్డ్ రస్టిన్ ఆపాడు, ఆ కుర్చీలో తుపాకులున్నాయి చూసుకో అని. తర్వాత కింగ్ తుపాకుల్ని పూర్తిగా వదిలేశాడు. అది ఆయన ఎంచుకున్న దారి. కానీ షెరీఫ్ ఆపినప్పుడు ఆయన ఇంకా ఆ దారి ఎంచుకోలేదు, బాంబు పడ్డ ఇంటి తండ్రి మాత్రమే.

నార్త్ కరొలీనా మన్రోలో రాబర్ట్ విలియమ్స్ 1957లో క్లాన్ గుంపుని తుపాకులతో తరిమిన సంగతీ, లూసియానా డీకన్ల సంగతీ విడిగా రాస్తాను, ఒక్క పేరాలో తేలేవి కావు. బ్లాక్ పాంథర్ల ముక్క మాత్రం ఇక్కడే చెప్పాలి. 1966లో ఓక్లాండ్ వీధుల్లో వాళ్ళు తుపాకులు దాచుకోకుండా పట్టుకుని పోలీసుల వెంట తిరిగారు. దాచకపోతే అప్పటి కాలిఫోర్నియా చట్టంలో తప్పు లేదు. 1967 మే 2న అలాగే శాక్రమెంటో చట్టసభకి వెళ్ళారు. కొద్ది వారాల్లోనే తూటాలు నింపిన తుపాకీ బాహాటంగా పట్టుకోవడం నేరమైంది. సంతకం పెట్టింది గవర్నర్ రోనాల్డ్ రీగన్, తర్వాత తుపాకీ హక్కుల వాళ్ళకి ఆరాధ్యుడైన ఆయనే. టెనెసీలో చేత పట్టుకుంటే సరే, జేబులో పెడితే నేరం. కాలిఫోర్నియాలో చేత పట్టుకుంటే నేరమైంది. మన దళిత్ పాంథర్లు 1972లో బొంబాయిలో పేరు తెచ్చుకున్నది వీళ్ళ దగ్గర్నుంచే. తుపాకులు తెచ్చుకోలేదు, కవిత్వం తెచ్చుకున్నారు.

మావాడి ప్రశ్నని అక్షరాలా సుప్రీంకోర్టులో అడిగినవాడు ఓటిస్ మెక్‌డొనాల్డ్. లూసియానాలో కౌలు కూలీల కొడుకు. కుర్రతనంలోనే షికాగో వలసొచ్చి, విశ్వవిద్యాలయంలో మరమ్మతుల పని చేసి రిటైరయ్యాడు. డెబ్బై దాటిన వయసు. ఇంట్లో దొంగలు పడ్డారు, పేట కుర్రగ్యాంగులు బెదిరించాయి. షాట్‌గన్లు ఉన్నాయి, కానీ అర్ధరాత్రి ముసలి చేతులతో ఆ పొడుగు గొట్టం తిప్పడం కష్టం, పిస్టలు కావాలన్నాడు. షికాగోలో 1982 నుంచి పిస్టళ్ళకి నిషేధం. 2010 జూన్ 28న ఐదుగురు న్యాయమూర్తులు ఆయన వైపు, నలుగురు ఎదురు. ఆ తీర్పు మిసిసిపీ నల్ల చట్టాల్నీ తవ్వి తీసింది. మన దేశంలో ఏ తుపాకీ హక్కుల పెద్దలైనా మనల్ని ఇలా ముందుపెట్టి వాదిస్తే నాకు ముందు అనుమానం వస్తుంది. మెక్‌డొనాల్డ్‌ని ముందుపెట్టిన సంఘాలకి వాళ్ళ లెక్కలు వాళ్ళకున్నాయి. అయినా ఆయన భయం నిజమైనది.

మరి హక్కు వచ్చాక ఏమైంది?

2016 జూలై 6న మినెసోటాలో ఫిలాండో కాస్టీల్ కారుని పోలీసు ఆపాడు. బడి వంటగదిలో పనిచేసే మనిషి. దాచుకుని తిరగడానికి లైసెన్సు ఉంది. నా దగ్గర తుపాకీ ఉంది సార్ అని ముందే, మర్యాదగా చెప్పాడు. కొన్ని సెకన్లలో ఏడు తూటాలు. వెనక సీట్లో నాలుగేళ్ళ పిల్ల ఉంది. 2017 జూన్‌లో ఆ పోలీసుని నిర్దోషి అన్నారు.

2020 మార్చి 13 అర్ధరాత్రి దాటాక కెంటకీలోని లూయివిల్‌లో బ్రియోనా టేలర్ ఇంటి తలుపు పగిలింది. ఆమె స్నేహితుడు కెన్నెత్ వాకర్ లైసెన్సున్న పిస్టల్‌తో ఒక్క తూటా కాల్చాడు, ఇల్లు కాపాడుకోవడానికి అందరూ నేర్పేది అదే. వచ్చింది పోలీసులు. వాళ్ళ తూటాలకి బ్రియోనా చచ్చిపోయింది, హత్యాయత్నం కేసు వాకర్ మీద పడింది. తర్వాత ఎత్తేశారు. ఆ సెప్టెంబరులో గ్రాండ్ జ్యూరీ ఒక పోలీసు మీద నేరం మోపింది. బ్రియోనా చావుకి కాదు, గోడ దాటి పక్కింట్లోకి పోయిన తూటాలకి. జిప్సం గోడ అన్నాను కదా ముందు.

మనదేశం సంగతి ఇలా వదిలేస్తే నన్ను తిడతారు. మన రాజ్యాంగంలో ఆయుధ హక్కు లేదు. 1931 కరాచీ తీర్మానంలో ఉంది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ దాన్ని చేర్చాలన్నాడు. బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. అదే బాబాసాహెబ్ 1936లో, కింది వర్ణాలకి ఆయుధం లేకుండా చేయడం వల్లే వాళ్ళు తిరగబడలేకపోయారని రాసినవాడు. నేను దీన్ని అతకాలని చూడను. రెండూ ఆయనవే.

అయినా ఒక నిబంధన ఉంది, చాలామంది మనవాళ్ళకే తెలీదు. అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో వచ్చిన నిబంధనల్లో మూడోది. దాడులు జరిగే ప్రాంతాల్లో ఎస్సీ ఎస్టీలు కానివాళ్ళ తుపాకీ లైసెన్సులు అవసరమైతే రద్దు చేసి ఆయుధాలు ప్రభుత్వం దగ్గర పెట్టించాలి. ఎస్సీ ఎస్టీలకి అవసరమైతే లైసెన్సులు ఇవ్వాలి. చుండూరు తర్వాత నాలుగేళ్ళకి రాశారు.

ఆ నిబంధన నమ్మి మా చిన్నాన్న దరఖాస్తు పెట్టాడు. మా ఊళ్ళో పెద్దాయన వరండాలో రెండు గొట్టాల తుపాకీ మేకుకి వేలాడుతుండేది. ఆయన దాన్ని పేల్చగా నేను చూడలేదు. పండగకి తుడిపించేవాడు, తుడిచేది మా చిన్నాన్నే. పల్లె మీదకి కర్రలతో వచ్చిన గొడవ తర్వాత ఈయన కాగితం రాయించుకుని ఆఫీసుకెళ్ళాడు. అక్కడ బల్ల వెనక మనిషి అడిగాడట: పొలం ఎంత? లేదు. పన్ను కడతావా? లేదు. ఇల్లు? పూరిల్లు. "మరి నువ్వు కాపాడుకునేదేముందయ్యా?" దరఖాస్తు మీద ఏం రాశారో మాకెవరూ చెప్పలేదు. చిన్నాన్న చనిపోయేదాకా రసీదు ముక్క ట్రంకుపెట్టెలో ఉంది.

ఇదంతా మావాడికి మూడు రాత్రులు ఫోన్లో చెప్పాను. నువ్వు నల్లవాడివి కాదు, ఆ చరిత్ర నీది కాదు, కానీ రాత్రిపూట కారులో నీ రంగు చూసే పోలీసుకి ఈ తేడా తెలియాలని లేదు అన్నాను. వాడు చివరికి ఒక్కటే అడిగాడు.

"పోలీసు ఆపితే ముందే చెప్పాలా మావయ్యా, అడిగితేనే చెప్పాలా?"

టెక్సస్ చట్టం ఏమంటుందో లాయరుని అడుగు అన్నాను. కాస్టీల్ ముందే చెప్పాడు. అది వాడికీ తెలుసు.

ఇంకా కొనలేదు. తలుపుకి రెండో గడియ వేయించాడు, చౌకట్టుకి పొడుగు మరలు బిగించాడట. ఆదివారం స్నేహితుడితో కాల్పుల మైదానానికి వెళ్ళి అద్దెకి మూడు రకాలు కాల్చి చూస్తానన్నాడు. మా అక్క నిన్న ఫోన్ చేసి, "వాడికేం చెప్పావురా?" అంది. చరిత్ర చెప్పానక్కా అన్నాను. "అది కాదు, కొనమన్నావా వద్దన్నావా?" అంది.

(వచ్చే భాగం: మన్రో, 1957. ఆ తర్వాత 1878 చట్టం, ఈసారి తప్పకుండా.)